మడిగదిలో బూజు

బూజును పెంచి పోషించడం నా ఉద్యోగం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. యూనివర్సిటీలో వృక్షశాస్త్రం పాఠాలు చెబుతాను, అందులోనూ నాది బూజుల వ్యవహారం. గాజు పళ్ళేల్లో బంగాళాదుంపల గంజి పోసి, దాని మీద బూజును నాటి, అది ఏ పూటకి ఎంత ఎదిగిందో చూసుకుంటూ ఉండటానికి నాకు జీతం ఇస్తున్నారు. అలాంటి నా సొంత ఇంట్లో, సరిగ్గా నా నెత్తి మీది వాటాలో, గోడ నల్లబడి, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తామనే దాకా వచ్చింది. ఇంతకన్నా తల కొట్టేసినట్టయ్యే సంగతి ఇంకేముంటుంది?

ఆ కబురు నాకు క్యాంపస్‌లోనే చేరింది. తెల్లారితే తార్నాక వాళ్ళందరికీ క్యాంపస్సే దిక్కు. బూట్లు తొడుక్కుని గేటు దాటామంటే చెట్లు, ఖాళీ రోడ్లు, గడ్డిలో చాపలేసుకుని పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు. నేనూ మా ఆయన ప్రేమ్ కుమార్ కలిసే నడకకు వెళ్తాం. ఆయన నడుస్తాడు, నేను మాట్లాడుతాను. ఆ రోజు ఆర్ట్స్ కాలేజీ ముందు సోమయాజులు గారు మా కోసమే నిలబడి ఉన్నారు. మా పై వాటాలో అద్దెకుంటారాయన. రిటైరైన సంస్కృతం లెక్చరర్, అమలాపురం వైపు మనిషి. మమ్మల్ని చూడగానే లాల్చీ జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, విభూతి పెట్టినంత జాగ్రత్తగా నా అరచేతిలో పెట్టారు.

"ఏంది సార్ ఇది?"

"గోడ మీది బూజమ్మా. చెంచాతో గీకాను. నీ లేబరేటరీలో పరీక్ష చేస్తే ఏదైనా తేలుతుందేమోనని."

"అయ్యో సార్! పొడిగ గీకొద్దు. ఆయాసమున్న మనిషిని ఇంట్ల పెట్టుకొని గీకితే అదంత గాలిల లేస్తది. మేస్త్రీ వచ్చి స్లాబంతా చూసి పోయిండు కద, చుక్క లీకేజీ లేదన్నడు."

"లేదనే అన్నాడు. గోడ మాత్రం నల్లబడటం మానలేదు." ఆయన కండువా అనవసరంగా రెండుసార్లు సర్దుకున్నారు. "విశాలాక్షికి ఆయాసం మరీ ఎక్కువైందమ్మా. బూజున్న ఇంట్లో ఇంక ఉండొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా అమ్మాయి సుధ హబ్సిగూడలో వాళ్ళ అపార్ట్‌మెంట్లోనే ఫ్లాటు చూసింది. ఆదివారం వచ్చి వాళ్ళకి మాట ఇచ్చేస్తానంటోంది. ఇంట్లో చెబితే మీరిద్దరూ ఏడుస్తారని ఇక్కడిదాకా వచ్చి చెబుతున్నాను."

"ఏడ్చుడెందుకు సార్, కొట్లాడుతా," అన్నాను. ఆయన నవ్వారు గానీ ఆ నవ్వులో పస లేదు.

ఆయన భార్య విశాలాక్షమ్మ గురించి చెప్పకపోతే నా బాధ మీకు అర్థం కాదు. మా ఇంట్లో అద్దెకు దిగిన రోజునే ఆవిడ నన్ను పిలిచి ఒక మాట చెప్పింది. "అమ్మాయ్, ముందే చెబుతున్నాను, మళ్ళీ ఏవీ అనుకోవద్దు. వంటిల్లూ, దాని పక్క గదీ నా మడి. అందులోకి ఎవరూ రాకూడదు. మా అమ్మాయినే రానివ్వను. స్నానం చెయ్యకపోతే ఈయన్నీ రానివ్వను."

మేం క్రైస్తవులం. మా అమ్మ ఊళ్ళో ఎవరెవరి గడపల బయట నిలబడి దోసిట్లో నీళ్ళు పోయించుకుని తాగిందో వింటూ పెరిగినదాన్ని. నాకు ఒళ్ళు మండింది. నా ఇంట్లో నాకే కట్టుబాటా అని మా ఆయన ప్రాణం తీశాను. "ఆమె పద్ధతి ఆమెది. మనం కిరాయికి ఇచ్చినం, అంతే," అన్నాడాయన. ఆయనకి కోపం రాదు, అదొక జబ్బు. సరే, నేనూ పంతం పట్టాను. రావద్దన్న చోటికి పిలిచినా పోను అనుకున్నాను. ఆ పంతం మీదే ఇన్నేళ్ళూ ఆ వంటింటి ఛాయలకు పోలేదు. ఇప్పుడు నల్లబడ్డ గోడ సరిగ్గా ఆ పక్క గదిదే.

మరి మాకు స్నేహం ఎక్కడ కుదిరిందంటే, మెట్ల మీద. సాయంత్రమయ్యేసరికి ఆవిడ పళ్ళెంలో చిక్కుళ్ళో గోరుచిక్కుళ్ళో వేసుకుని పై నుంచి సగం మెట్లు దిగి కూర్చుంటుంది. నేను చాయ్ గ్లాసుతో కింది నుంచి సగం ఎక్కుతాను. వీధి వీధంతటి మీదా చాడీలు అక్కడే. నాకు ఆపరేషన్ అయినప్పుడు ఆవిడ రోజూ ఆస్పత్రికి వచ్చి నా తల దువ్వి జడ వేసేది. ఇంటికెళ్ళి తలస్నానం చేసి అప్పుడు వండుకునేది. ఆ స్నానం సంగతి నాకు తెలుసు. అయినా మా అమ్మ పోయాక నాకు జడ వేసిన చేతులు అవే. ఆవిడ హబ్సిగూడ వెళ్ళిపోతే ఆ మెట్ల మీద నేనొక్కదాన్నే కూర్చోవాలి. అది నా వల్ల కాదు.

హబ్సిగూడ ఎంత దూరం, మెట్రో ఎక్కితే ఒక్క స్టేషనేగా అంటాడు మా ఆయన. మెట్రో ఎక్కి వెళ్ళి ఎవరైనా చాడీలు చెప్పుకుంటారా?

ఆ పొట్లం తీసుకుని డిపార్ట్‌మెంటుకు వెళ్ళాను. పళ్ళెంలో నాటాను. రెండు రోజుల్లో నల్లగా, అక్కడక్కడా ఆకుపచ్చగా, మహారాజులా ఎదిగింది. దానికో పెద్ద లాటిన్ పేరుంది, అది మీకెందుకు. తడి ఉండి గాలి ఆడని చోట ఎక్కడైనా పుడుతుంది, పెద్ద విశేషం ఏమీ లేదు. గోడకు తడి ఎక్కడి నుంచి వస్తోందన్నదే తేలలేదు. సోమయాజులు గారు గోడకు మరీ దగ్గరగా నిలబడి ముక్కముక్కలుగా తీసి పంపిన ఫోటోలు మళ్ళీ మళ్ళీ చూశాను. డాబా మీది నీళ్ళు దిగితే మచ్చ పై నుంచి కిందికి కారుతుంది. నేలలోంచి చెమ్మ ఎక్కితే కింది నుంచి పైకి పాకుతుంది. ఇదేమో స్లాబుకు కాస్త కింద, గోడ ఈ కొస నుంచి ఆ కొసకి అడ్డంగా పట్టీ వేసినట్టు ఉంది. ఇంత చదువు చదివి ఇలా అడ్డంగా పట్టే బూజును నేనెక్కడా చూడలేదు.

ఆ మచ్చ కోసం వానల ముందే డాబా అంతా కొత్తగా పూత వేయించాను. బాత్‌రూమ్ పైపులు తవ్వించి చూపించాను. మా పక్క ఖాళీ స్థలంలో కొత్త అపార్ట్‌మెంటు లేచింది కదా, వాళ్ళ పైపుదే తప్పని వెళ్ళి గొడవ పడ్డాను. వాళ్ళ వాచ్‌మన్ నన్ను చూస్తే ఇప్పటికీ గేటు వెనక్కి తప్పుకుంటాడు. విశాలాక్షమ్మను మెట్ల మీద కూర్చోబెట్టి మా స్టూడెంట్లను అడిగినట్టు అడిగాను.

"వంట చేసేటప్పుడు కిటికీ తీస్తున్నవా అమ్మా?"

"వంటింటిది తీస్తున్నానే."

"కూరల గిన్నెల మీద మూతలు పెడుతున్నవా? ఆవిరంత గోడకే పడతది."

"మూత పెట్టకుండా ఎవరైనా వండుతారుటే?"

"తడి బట్టలు గదిల ఆరేస్తున్నవా?"

"లేదే. ఉతికిన బట్టలన్నీ పనమ్మాయి డాబా మీదే ఆరేస్తుంది, నువ్వు చూడటం లేదూ?"

నిజమే, చూస్తూనే ఉన్నాను. సోమయాజులు గారి లాల్చీలు మా దుప్పట్ల పక్కనే ఎగురుతుంటాయి. ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీస్తూ దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగకపోయేసరికి వీపు నిమిరాను.

"సుధ దగ్గరికి వెళ్ళిపోతాననుకో," అంది ఆవిడ ఊపిరి అందాక. "నువ్వు అక్కడికి వస్తూ ఉంటావుగా?"

"రాను," అన్నాను. కోపంగానే అన్నాను. ఆవిడ పళ్ళెం తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున ముసురు పట్టింది. నాకు పదింటికి క్లాసు. బ్యాగు తగిలించుకుని చెప్పులు వేసుకుంటుంటే పైన గిన్నె కింద పడ్డ చప్పుడైంది. తర్వాత దగ్గు. ఆ తర్వాత ఏమీ లేదు, అదే నన్ను భయపెట్టింది. సోమయాజులు గారు పాల ప్యాకెట్లకు వెళ్ళడం నేనే చూశాను. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి, తలుపు తోసి, హాలు దాటి, వంటిల్లు దాటి, ఆ పక్క గదిలోకి దూరిపోయాను. మడి, పంతం ఏవీ గుర్తు రాలేదు. ఆవిడ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. నోరు తెరిచి గాలి పీలుస్తోంది, అది లోపలికి పోవడం లేదు. కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తోంది.

"ఏం కాదు, ఏం కాదు, నేనున్న," అంటూ హాల్లో బల్ల మీది ఇన్‌హేలర్ తెచ్చి ఆవిడ నోట్లో పెట్టి నొక్కాను. ఇంకోసారి. చంకల కింద చేతులు వేసి లేపి, నా భుజానికి ఆనించుకుని, ముందు బాల్కనీలో గాలికి కుర్చీలో కూర్చోబెట్టాను. కాసేపటికి ఊపిరి దారిలో పడింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. నాకు ఏడుపొచ్చేసింది.

"పొయ్యి," అంది నీరసంగా. "పొయ్యి మీద పప్పుందే."

పొయ్యి కట్టేయడానికి మళ్ళీ లోపలికి వెళ్ళాను. గ్యాస్ ఆపి, కింద పడ్డ గిన్నె ఎక్కడుందా అని పక్క గదిలోకి తొంగి చూస్తుంటే నా మెడ మీద టప్‌మని ఒక చల్లటి చుక్క పడింది. లీకేజీ! దొరికావురా దొంగా అని తలెత్తి చూశాను.

స్లాబుకు వేసిన కొక్కేల నుంచి వెదురు గడ వేలాడుతోంది, గోడ పొడుగునా, ఈ కొస నుంచి ఆ కొసకి. దాని మీద తొమ్మిది గజాల నేత చీర, నీళ్ళోడుతూ. పక్కనే ఇంకో చీర, ఇంకో పంచె. వాటి వెనక, సరిగ్గా ఆ గడ పొడుగునా, నల్లటి పట్టీ. గదిలో కిటికీకి గడియ వేసి ఉంది. ఆ చెమ్మ వాసన నాకు కొత్తేమీ కాదు, నా లేబరేటరీ వాసనే అది. డాబాకు పూత వేయించానే, పైపులు తవ్వించానే, పక్కవాళ్ళ వాచ్‌మన్‌ను తిట్టిపోశానే అనుకుని అక్కడే నిలబడి పిచ్చిదానిలా నవ్వాను.

సోమయాజులు గారు పాల ప్యాకెట్లతో వచ్చి, నేను మడిగదిలోంచి నవ్వుతూ బయటికి రావడం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయన్ని కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, లోపల గడ మీద చీరెలెప్పటి సంది ఆరేస్తున్నవ్?"

"నా మడిచీరా? వెనక వరండాలో వేసుకునేదాన్నే. పక్క అపార్ట్‌మెంటు లేచాక ఎవరెవరో ఉతికిన బట్టల నీళ్ళన్నీ దాని మీద కారుతున్నాయి. అందుకని దండెం లోపలికి మార్పించాను. కిటికీ తీస్తే దుమ్ము."

"మరి మొన్న అడిగితే, తడి బట్టలు లోపల ఆరేస్త లేను అంటివి?"

"మడిచీర బట్టల్లో కలుపుతారుటే?" అంది ఆవిడ. నిజంగానే ఆశ్చర్యపోయింది. పక్కన సోమయాజులు గారు కండువాతో మూతి కప్పుకున్నారు.

కుర్చీ దగ్గర కూర్చుని నెమ్మదిగానే చెప్పాను. రోజూ బకెట్టు నీళ్ళంత తడి ఆ గదిలో వదులుతున్నావు, అది పోవడానికి దారి లేదు, అందుకే గోడ తాగుతోంది, నువ్వు ఆ గాలే పీలుస్తున్నావు. ఇంటికి ఏ రోగమూ లేదు. డాబా మీద ఎండకు ఆరేస్తే చాలు, ముసురు రోజుల్లో కిటికీ తీసి ఫ్యాను పెడితే చాలు, నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆవిడ అంతా విని తల అడ్డంగా ఊపింది.

"డాబా మీద ఎలాగే? పనమ్మాయి వస్తుంది, నీ చుట్టాలొస్తారు, పిల్లలు ఎక్కుతారు. ఎవరో ఒకరు ముట్టుకుంటారు. మైలపడ్డ చీరతో నేను దేవుడికి ఎలా వండిపెట్టేది?"

నా నోరు ఎప్పుడూ నా మాట వినదు. లేచి లోపలికి వెళ్ళాను. ఆరిన చీర ఒకటి గడ కొసన మడతపెట్టి ఉంది. దాన్ని లాగి తెచ్చి ఆవిడ ఒళ్ళో పరిచాను. అంచు పొడుగునా నల్లటి చుక్కలు. మరకలనుకుని రోజూ కట్టుకుంటోంది పాపం.

"చూడు. ఇది మరక కాదు, బూజు. ప్రాణమున్నది. ఈ చీరె మీద కాపురం పెట్టి పిల్లల్ని కంటున్నది. మనిషి ముట్టుకుంటే మైలయితది, బూజు ముట్టుకుంటే మడేనా అమ్మా? ఇన్నేండ్ల సంది నన్ను గడప అవతల నిలబెట్టినవ్. దీన్ని మాత్రం చీరెల పెట్టుకొని తిరుగుతున్నవ్."

అనేశాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. చీర అంచు మీద వేలు పెట్టి రుద్ది చూసుకుంది.

"నిన్ను నేను నిలబెట్టానా?"

"నిలబెట్టినవ్. నేను నిలబడ్డ."

ఇంక అక్కడ ఉండలేక కిందికి దిగిపోయాను. ఆ రోజు క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియదు. చెట్ల కింద బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. అన్నది అబద్ధం కాదు. అన్నందుకు సిగ్గుపడనూ లేదు. ఊపిరాడక కొట్టుకున్న మనిషితో అప్పుడే అనాలా, అదొక్కటే నన్ను తినేసింది. సాయంత్రం చాయ్ గ్లాసుతో సగం మెట్లు ఎక్కి కూర్చున్నాను. ఆవిడ దిగిరాలేదు. శుక్రవారమూ దిగిరాలేదు.

"నీకు నోరు ఎక్కువ," అన్నాడు మా ఆయన.

"తెలుసు," అన్నాను.

"కానీ మాట మంచిగనే అన్నవ్," అన్నాడు. ఆయన నా పక్షాన మాట్లాడటం అరుదు. నాకు ధైర్యం రావలసింది పోయి ఇంకా దిగులేసింది.

శనివారం పొద్దున సోమయాజులు గారు మా గుమ్మంలో నిలబడ్డారు. "గోడ కడగడానికి ఏవేం కావాలో తెచ్చుకుని రమ్మందమ్మా."

"ఎవరిని?"

"నిన్నే. ఇంకెవర్నీ ముట్టనివ్వను, దానికే తెలుసు అంది."

మా ఆయన్ని కూడా లాక్కుని వెళ్ళాను. విశాలాక్షమ్మను, సోమయాజులు గారిని కింద మా హాల్లో కూర్చోబెట్టి ఫ్యాను వేశాను. నాతో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ కదిలించలేదు. పైకి వెళ్ళి మూతికి మాస్కులు కట్టుకున్నాం. మా ఆయన గీకుడు పలక అందుకోబోతే చెయ్యి మీద కొట్టాను. సబ్బునీళ్ళతో గోడ తడిపి, మెత్తటి గుడ్డలతో తుడిచి, ఆ గుడ్డలన్నీ సంచిలో వేసి మూతి కట్టి పారేశాం. మళ్ళీ తుడిచాం. పైన రంగు వేసేద్దామా అన్నాడాయన. చాలామంది చేసే పనే అది. రంగు వేస్తే బూజు చావదు, రంగు కింద హాయిగా బతుకుతుంది. గోడకు అతుక్కుని ఉన్న బీరువాను జానెడు ముందుకు జరిపాం. దాని వెనక ఇంకో సామ్రాజ్యం బయటపడింది. కిటికీ గడియ తుప్పు పట్టి రాకపోతే మా ఆయన కొబ్బరినూనె పోసి ఊడదీశాడు. కిటికీ తెరుచుకోగానే గదిలోకి గాలి వచ్చింది. వెదురు గడను కొక్కేల నుంచి విప్పి కిందపెట్టి, దాన్నేం చెయ్యాలో నాకు తెలియక అక్కడే వదిలేశాను. అది ఆవిడ తేల్చుకోవలసిన సంగతి.

ఫ్యాను ఆ గోడ వైపు తిప్పిపెట్టి దిగి వచ్చాం. ఇద్దరూ పైకి వెళ్ళేటప్పుడు ఆవిడ నా వైపు చూసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గేటు ముందు వాళ్ళమ్మాయి సుధామయి కారు ఉంది. బండి దిగి అక్కడే ఆగిపోయాను.

"ఏడ్వకు. మంచిగ మాట్లాడి పంపిద్దాం," అన్నాడు మా ఆయన.

"ఎవరేడుస్తున్నరు?" అని కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. పొద్దుటి నుంచి కాసిన ఎండ అప్పుడే మసకబారింది. మా ఆయన బండి స్టాండు వేస్తుంటే నా చేతి మీద చినుకు పడింది. పై నుంచి ఒక కేక వినిపించింది.

"నవనీతా! ఏవే నవనీతా! వాన పట్టేస్తోంది, డాబా మీద చీర తీసుకురా!"

తలెత్తి చూశాను. విశాలాక్షమ్మ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, బాల్కనీ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం చీరె అమ్మా?"

"ఏం చీరేవిటే? నా మడిచీర. ఆయన పొద్దున్నే పైన దండెం కట్టారు."

ఆవిడ వెనకాల నుంచి సుధామయి వచ్చింది. "నేను తెస్తానుండమ్మా. నేను స్నానం చేసే వచ్చాను."

"నువ్వుండు. నిన్నడిగానా?" అంది ఆవిడ. "దాన్ని తెమ్మన్నాను."

చేతిలోని బైబిలు సంచి మా ఆయన చేతికి ఇచ్చి పరుగెత్తాను. ఈ మోకాళ్ళతో డాబా దాకా అలా ఎక్కగలనని నాకే తెలియదు. నీళ్ళ ట్యాంకు పక్కన గడ మీద చీర ఎండలో ఫెళఫెళా ఆరి ఉంది. నిజంగానే నన్నే పిలిచిందా అనిపించింది. చినుకులు పెద్దవయ్యాయి. చీర మొత్తం రెండు చేతులతో గుండెకు పొదువుకుని, మీద నా కొంగు కప్పి దిగాను.

ముందు తలుపు దగ్గర అలవాటుగా ఆగిపోయి, చీర ముందుకు చాచాను.

"అక్కడ నిలబడ్డావేం? లోపలికి తే," అంది ఆవిడ.

"నా చెయ్యి తగిలింది మరి."

"తగిలితే తగిలింది. చీరేవన్నా అరిగిపోయిందా?" ఆవిడే రెండడుగులు ముందుకు వచ్చి నా చేతుల్లోంచి చీర అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఎండ వాసనొస్తోందే," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను, సుధామయి, సోమయాజులు గారు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తలుపు తెరుచుకునేసరికి ఆవిడ ఆ చీరే కట్టుకుని ఉంది.

"సుధా, ఆ ఫ్లాటు వాళ్ళకి మేం రావడం లేదని చెప్పెయ్యి."

"అదేవిటమ్మా? డాక్టరు అంత గట్టిగా చెప్పాక..."

"బూజున్న ఇంట్లో ఉండొద్దన్నాడు. ఈ బూజు ఇంటిది కాదు, నాది. నేనెక్కడ దండెం కట్టుకుంటే అక్కడికి వస్తుంది. వెళ్ళి చూడు, గోడ ఎలా ఉందో. మళ్ళీ నల్లబడితే అప్పుడు వస్తాను." ఆవిడ నా వైపు తిరిగింది. "నీకంత బాధగా ఉందని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేవే?"

"చెప్తే ఏం చేస్తుంటివి?"

"ఏమో. చెప్పాక చేశానుగా."

ఏదైనా అనకపోతే అక్కడే ఏడ్చేస్తానని, "రేపటి సంది పనమ్మాయి కూడ డాబా మీద మన బట్టలు ఆరేస్తది, ఆమె చెయ్యి తగులుతది," అన్నాను.

"దాని సంగతి దానిదే. ఒక్కరోజులో అన్నీ చెయ్యమంటావేం?" అంది ఆవిడ చురుగ్గా. దాని మీద ఇంకో పోట్లాట తప్పదని నాకప్పుడే అర్థమైంది. వచ్చేవారం పెట్టుకుందామని ఊరుకున్నాను.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కిటికీ తీసి, వెనక్కి తిరిగి చూసి, నేనింకా హాల్లోనే ఉన్నానని విసుక్కుంది. వెళ్ళాను. ఒక పీట వాల్చి, కత్తిపీట, బీరకాయలు నా ముందుకు తోసింది. నేను తరిగాను. ఆ ముక్కలు ఆవిడే తీసుకెళ్ళి మూకుట్లో వేసి మూత పెట్టింది. బయట వాన దంచికొడుతోంది, పక్క గదిలో ఫ్యాను తిరుగుతోంది, ఆవిడ ఒక్కసారి కూడా దగ్గలేదు. హాల్లో మా ఆయన సుధామయికి తుడిచిన గోడ సంగతి తానొక్కడే చేసినంత గొప్పగా చెప్పుకుంటున్నాడు.

అందరం అక్కడే భోంచేశాం. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది. నా జన్మలో మొదటిసారి నోరు మూసుకుని, రెండోసారి వేయించుకుని తిన్నాను.